బోరుకొచ్చిన బొలెరో పికప్: ఉన్న ఇంజన్ చేయించాలా, ఇంజనే మార్చాలా? ఆటోనగర్‌లో దొరికే పనుల మీద సమీక్ష

డిప్‌స్టిక్ పైకి లాగగానే ఆ గొట్టంలోంచి పొగ బుసబుసమని కొడుతోందంటే ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా ఒకటే మాట వస్తుంది: "ఇంజన్ బోరుకొచ్చింది, దించాలి." సిలిండర్ గోడలు అరిగిపోయాయని దాని అర్థం. ఆ మాట నిజమే కావచ్చు. కానీ దించాక ఏం చేయాలో పొగ చెప్పదు. బోర్ చేయించి (సిలిండర్లు చెక్కించి) అదే ఇంజన్ ఎక్కించాలా, ఎక్స్‌ఛేంజ్‌లో రెడీ ఇంజన్ తెచ్చుకోవాలా, స్క్రాప్ బండిలోంచి తీసిన సెకండ్ హ్యాండ్ ఇంజన్ కొనాలా అన్నది మైక్రోమీటరే చెప్పాలి. కొలతలు తీయకముందే రేటు కుదుర్చుకుంటే, ఆ తర్వాత జరిగేది రేటుకి సరిపడా పని. ఇంజన్‌కి సరిపడా పని కాదు.

ఈ సమీక్షకి తీసుకున్న బండి మహీంద్రా బొలెరో పికప్. 2523 సీసీ, నాలుగు సిలిండర్ల డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్, డీజిల్‌ని నేరుగా సిలిండర్‌లోకి చల్లే) ఇంజన్. బోరు (సిలిండర్ వ్యాసం) 88.9 మి.మీ., స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 101.6 మి.మీ. అంటే సరిగ్గా మూడున్నర అంగుళాలు, నాలుగు అంగుళాలు. మామిడి కాయలు, మిర్చి టిక్కీలు, కోళ్ల దాణా, ఇటుకలు అన్నీ ఈ బండ్లే మోస్తాయి కాబట్టి దీని పిస్టన్లు, బేరింగులు చిన్న టౌనులో కూడా దొరుకుతాయి. ఏ నిర్ణయానికైనా ఇది పెద్ద బలం. పార్టులు దొరకని ఇంజన్‌కి ఇక్కడ చెప్పేవి సగమే వర్తిస్తాయి.

దించే ముందు చూడాల్సినవి

పికప్ లేదు, పొగ వస్తోంది, ఆయిల్ తగ్గుతోంది అన్న మూడు ఫిర్యాదుల్లో ఏ ఒక్కటీ ఇంజన్ దించడానికి కారణం కాదు. నల్లపొగతో పికప్ తగ్గితే ముందు ఎయిర్ ఫిల్టరు, టర్బో నుంచి ఇంటర్‌కూలర్‌కి వెళ్లే హోస్ పైపు, ఇంజెక్టర్లు చూడాలి. ఆ హోస్ కింది వైపు చీలితే పైనుంచి కనిపించదు, చేత్తో తడిమితే ఆయిల్ జిడ్డు తగులుతుంది. పొద్దున సెల్ఫ్ కొట్టగానే తెల్లపొగ వచ్చి, వేడెక్కాక పోతుంటే ఇంజెక్టర్ల స్ప్రే, హీటర్ ప్లగ్గులు ఉంటే అవీ చూడాలి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది కానీ ఎక్కణ్ణుంచి వస్తుందో చెప్పదు. టర్బో సీలు కావచ్చు, వాల్వ్ సీళ్లు కావచ్చు, రింగులు కావచ్చు. టర్బో ఇన్‌లెట్ పైపు ఊడదీసి షాఫ్ట్‌ని వేళ్లతో అటూ ఇటూ ఊపితే రెండు నిమిషాల్లో తేలిపోతుంది. పక్కలకి కొంచెం ఆట ఉండడం మామూలే. రెక్కలు హౌసింగ్‌కి రాసుకున్న గుర్తు ఉన్నా, షాఫ్ట్ ముందుకీ వెనక్కీ కదులుతున్నా టర్బో పోయినట్టే.

బ్యాక్ కంప్రెషన్ (రింగులు దాటి ఇంజన్ కిందికి దిగే గాలి) అనుకునేదాంట్లో చాలాసార్లు బ్రీదర్ పైపు పాత్ర ఉంటుంది. అది మడ్డితో మూసుకుపోతే లోపలి గాలికి బయటికి దారి ఉండదు. డిప్‌స్టిక్ దగ్గర పొగ కొడుతుంది, వెనక ఆయిల్ సీలు కారడం మొదలవుతుంది. పైపు విప్పి డీజిల్‌తో కడిగాక మళ్లీ చూడకుండా రింగుల మీద తీర్పు చెప్పకూడదు.

అయినా అనుమానం తీరకపోతే కంప్రెషన్ టెస్ట్. బ్యాటరీ ఫుల్ ఛార్జ్‌లో ఉండాలి, ఇంజన్ వేడిగా ఉండాలి, నాలుగు సిలిండర్లకీ ఇంజెక్టర్లు తీసేయాలి, డీజిల్ సప్లై ఆపాలి. గేజి డీజిల్‌ది కావాలి. పెట్రోల్ గేజి ఆ ఒత్తిడికి పనికిరాదు. వచ్చిన అంకె కంటే సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడు సిలిండర్లు 26, 27, 26 బార్ చూపిస్తూ ఒకటి 19 దగ్గర ఆగిందంటే గొడవ ఆ ఒక్కదానిదే. వాల్వ్ కాలి ఉండొచ్చు, హెడ్ గ్యాస్కెట్ పోయి ఉండొచ్చు, రింగు విరిగి ఉండొచ్చు. నాలుగూ సమానంగా పడిపోయాయంటే బోరు అరిగింది. మొదటిదానికి చాలాసార్లు హెడ్ దించితే సరిపోతుంది. రెండోదానికి కిందదాకా విప్పాల్సిందే.

ఆయిల్ ప్రెషర్‌ని డాష్‌బోర్డు లైటుతో తేల్చవద్దు. స్విచ్ తీసి ఆ చోట గేజి బిగించి, ఇంజన్ బాగా వేడెక్కాక చూడాలి. ఐడిలింగ్‌లో 1 బార్ చుట్టుపక్కల ఉండి, రేజ్ చేస్తే ప్రతి 1000 ఆర్‌పీఎంకి 0.7 బార్ లెక్కన పెరుగుతుంటే కింది బేరింగులు ఇంకా పనిచేస్తున్నాయని అర్థం. వేడెక్కాక ఐడిలింగ్‌లో ముల్లు లేవకపోతే ఆ బండిని నడిపి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లకండి, టోయింగ్ చేయించండి. ఆ పది కిలోమీటర్లలోనే గ్రైండింగ్‌కి పనికొచ్చే క్రాంకు (పిస్టన్లు తిప్పే షాఫ్ట్) పారేసే క్రాంకుగా మారుతుంది.

కొలతల దగ్గర ఎవరు నిలబడతారో చూడండి

మంచి లేత్ షాపునీ మామూలు లేత్ షాపునీ మెషీన్లు చూసి విడదీయలేం. బోరింగ్ బార్, హోనింగ్, క్రాంక్ గ్రైండర్ అందరి దగ్గరా ఉంటాయి. తేడా కాగితంలో ఉంటుంది. బోరు కొలవాలంటే ఒక్కో సిలిండర్‌లో పైన, మధ్యలో, కింద మూడు చోట్ల, ప్రతి చోటా పిస్టన్ పిన్ను వరుసలో ఒకసారి, దానికి అడ్డంగా ఒకసారి కొలవాలి. సిలిండర్‌కి 6 కొలతలు, మొత్తం 24. ఆ 24 అంకెలు రాసి ఇవ్వగలిగిన షాపుకే ఇంజన్ ఇవ్వండి. "చూస్తేనే తెలిసిపోతుందండీ" అన్నచోట ఇవ్వొద్దు.

చూస్తే తెలిసేది కొంత ఉన్న మాట నిజమే. సిలిండర్ పైఅంచు నుంచి కిందికి గోరు జారిస్తే, పై రింగు ఆగే చోట చిన్న మెట్టు తగులుతుంది. రింగు ఎప్పుడూ తాకని ఆ పైభాగం అసలు సైజులోనే ఉండిపోయి, దాని కింది భాగం అరిగిపోవడం వల్ల ఏర్పడిన మెట్టు అది. గోరు గట్టిగా ఆగిందంటే అరుగుదల బాగానే ఉంది. కానీ గోరుకి 0.05కీ 0.15కీ తేడా తెలియదు. పైకీ కిందికీ తేడా 0.1 మి.మీ. దాటితే కొత్త రింగులు వేసి మూసేయడం దండగ. సన్నగా ఉన్న చోట బిగుసుకుని, వెడల్పుగా ఉన్న చోట వదులై, రింగు ప్రతి స్ట్రోకులోనూ విప్పుకుంటూ ముడుచుకుంటూ తిరుగుతుంది. కొన్ని నెలల్లో మళ్లీ అదే పొగ.

క్రాంకు విషయంలో బేరింగ్ షెల్లే (క్రాంకు తిరిగే చోట వేసే అరచుట్టు రేకు) సాక్షి. మెయిన్ బేరింగ్ క్యాప్ విప్పి షెల్లుని వెలుతురులోకి తిప్పి చూడండి. మసక బూడిద రంగులో నున్నగా ఉంటే బాగున్నట్టు. మధ్యలో బూడిద రంగు పోయి రాగి రంగు బయటపడితే పైపొర అరిగింది. చుట్టూ సన్నటి గీతలు ఉంటే ఆయిల్‌లో ఇసుకో ఇనుప రజనో తిరిగింది. ఒక పక్క అంచు మాత్రమే మెరుస్తుంటే కనెక్టింగ్ రాడ్ వంగింది, లేదా జర్నల్ (క్రాంకులో బేరింగు పట్టే గుండ్రటి భాగం) సమంగా లేదు. ఈ షెల్లులు మెకానిక్ గుడ్డతో తుడిచి డబ్బాలో పడేయకముందే ఫోన్లో ఫొటోలు తీసుకోండి. ఏ నంబరు క్యాప్‌వో రాసిపెట్టండి. ఇంజన్ ఎందుకు పోయిందో చెప్పే సాక్ష్యం అదొక్కటే. ఆ కారణం తెలియకుండా కొత్త పార్టులు వేస్తే అవీ అదే దారిన పోతాయి.

జర్నల్ అరిగితే గ్రైండింగ్. 10 సైజు, 20 సైజు అని అంటారు, 0.25 మి.మీ., 0.50 మి.మీ. తగ్గించడమన్నమాట. ఇక్కడ గొడవ సైజు దగ్గర కాదు, మూల దగ్గర వస్తుంది. జర్నల్ పక్క గోడని కలిసే చోట గుండ్రటి వంపు ఉంటుంది. తొందరలో గ్రైండింగ్ రాయి మూలని సరిగ్గా దిద్దకుండా పనిచేస్తే ఆ వంపు పోయి పదునైన మూల మిగులుతుంది. బలం అంతా ఆ గీత మీద పడి క్రాంకు సరిగ్గా అక్కడే తెగుతుంది. లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు తెగే క్రాంకుల్లో ఇది పాత కథ. గ్రైండింగ్ అయ్యాక ఆయిల్ రంధ్రాల అంచులు నునుపు చేశారా అన్నది కూడా వేలితో తడిమి చూడాలి. పదునుగా వదిలేస్తే కొత్త షెల్లుని గీకేస్తాయి.

హెడ్‌కి స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజి చాలు. పొడవునా, అడ్డంగా, మూల నుంచి మూలకి పెట్టి చూడాలి. 0.1 మి.మీ. ఫీలర్ దూరిందంటే ఫేసింగ్ (తలాన్ని సమంగా చెక్కడం) చేయాల్సిందే. అంతకంటే ముందు ప్రెషర్ టెస్ట్. నీటి దారులు మూసి, వేడి నీళ్లలో ముంచి, గాలి పెట్టి బుడగలు వస్తాయేమో చూస్తారు. వాల్వ్ సీట్ల మధ్య పగుళ్లు చల్లగా ఉన్నప్పుడు మూసుకునే ఉంటాయి, వేడిలోనే తెరుచుకుంటాయి. అందుకే చల్లని నీళ్లలో చేసిన టెస్ట్‌ని నమ్మకండి. హెడ్ ఒకటి రెండుసార్లు ఫేసింగ్ అయిపోయి ఉంటే వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. వాల్వ్ ఎంత లోతులో కూర్చుందో కొలిచి మాన్యువల్‌తో పోల్చుకున్నాకే మళ్లీ చెక్కించాలి.

హాఫ్ ఇంజన్ పని: ఐదుకి ఒకటిన్నర

ఇంజన్ బండిలోనే ఉంచి హెడ్ తీసి, ఆయిల్ ఛాంబర్ తీసి, పిస్టన్లు పైకి తోసి, రింగులూ బిగ్ ఎండ్ (రాడ్ క్రాంకుని పట్టే చివర) బేరింగులూ మార్చి మూసేయడాన్ని హాఫ్ ఇంజన్ పని అంటారు. రెండు మూడు రోజుల్లో అయిపోతుంది, ఖర్చు తక్కువ. ఇది సరైన పని అయ్యే సందర్భం ఒకటే: బోరు కొలతలు పరిమితి లోపల ఉండాలి, ఒక సిలిండర్‌లో రింగు విరిగి ఉండాలి, లేదా ఎక్కడో మట్టి పట్టి రింగులు అతుక్కుపోయి ఉండాలి. అలాంటప్పుడు కూడా సిలిండర్ గోడల మెరుపు పోయేలా హోనింగ్ చేయాలి, దాని రజను సబ్బునీళ్లతో పూర్తిగా కడగాలి. ఇంజన్ బండిలోనే ఉంటే ఆ రజను క్రాంకు మీద పడుతుంది, పూర్తిగా కడగడం కుదరదు. హాఫ్ ఇంజన్ పనులు చాలాసార్లు చెడేది ఇక్కడే. బండి అమ్మేయాలనుకునేవాళ్లు ఎక్కువగా చేయించే పని కూడా ఇదే. కొనేవాళ్లు ఆ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

ఫుల్ ఇంజన్, సొంత బ్లాకు మీదే: ఐదుకి నాలుగు

ఈ డీఐ ఇంజన్‌కి మా ఓటు దీనికే. బ్లాకు పగలకపోతే, క్రాంకు గ్రైండింగ్ సైజుల్లో ఉంటే వేరే దారి వెతకాల్సిన పని లేదు. మీ ఇంజన్ చరిత్ర మీకు తెలుసు. ఇంజన్ నంబరు మారదు కాబట్టి ఆర్‌సీ జోలికి వెళ్లనక్కర్లేదు. వచ్చే ప్రతి పార్టు పెట్టె మీ కళ్ల ముందే విప్పుతారు.

పని వరుస ఇలా ఉండాలి. బ్లాకు ప్లగ్గులన్నీ విప్పి హాట్ ట్యాంకులో కడిగించాలి. ఆయిల్ గ్యాలరీల (బ్లాకులో ఆయిల్ పారే దారుల) చివరి ప్లగ్గులు కూడా తీసి బ్రష్ పోనివ్వాలి. బేరింగు కరిగిన ఇంజన్‌లో ఆ రజనంతా గ్యాలరీల్లోనూ ఆయిల్ కూలర్‌లోనూ కూర్చుంటుంది. ఆయిల్ కూలర్‌ని పైపైన కడిగి మళ్లీ బిగించడం ఈ పనిలో జరిగే అతి పెద్ద తప్పు. బేరింగు పోయిన ఇంజన్ అయితే కూలర్ కొత్తది వేయండి. టర్బోకి వెళ్లే ఆయిల్ పైపు కూడా కొత్తదే.

బోరుకి రెండు దారులు. ఓవర్‌సైజు పిస్టన్ వేయడం, లేదా లైనర్ (సిలిండర్ లోపలి గొట్టం) మార్చి స్టాండర్డ్ సైజుకే రావడం. ఇంతకుముందే ఓవర్‌సైజుకి వెళ్లిన ఇంజన్ అయితే లైనరే మంచిది. సెమీ ఫినిష్ లైనర్‌ని ప్రెస్‌లో దించి, సైజుకి బోర్ చేసి, హోనింగ్ చేస్తారు. అందరూ ముందు బోర్ చేసి తర్వాత పిస్టన్ కొంటారు, వరుస తిరగబడాలి. పిస్టన్ సెట్ ముందు కొని, నాలుగింటినీ స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) దగ్గర కొలిచి, పిస్టన్ కంపెనీ చెప్పిన క్లియరెన్స్ కలిపి, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో గుర్తు పెట్టి బోర్ చేయాలి. క్లియరెన్స్ తక్కువైతే మొదటి లోడులోనే పిస్టన్ పట్టేస్తుంది. ఎక్కువైతే చల్లగా ఉన్నప్పుడు టకటకమంటుంది. ఐపీఎల్, ఉషా, గోయెట్జ్ లాంటి తెలిసిన బ్రాండ్లు తీసుకోండి. వాటి పెట్టెల్లో నకిలీలు కూడా తిరుగుతాయి కాబట్టి జీఎస్టీ బిల్లు ఇచ్చే దుకాణంలోనే కొనండి.

రింగు గ్యాప్‌ని (రింగు రెండు చివరల మధ్య సందుని) పెట్టెలోంచి తీసినట్టే నమ్మకండి. రింగుని బోరులోకి దించి, పిస్టన్ తలతో సమంగా తోసి, ఫీలర్‌తో కొలవాలి. వ్యాసంలో ప్రతి 25 మి.మీ.కి 0.1 మి.మీ. అన్న లెక్కన 88.9 బోరుకి 0.35 చుట్టూ రావాలి. రింగు కంపెనీ కాగితం వేరే అంకె ఇస్తే దాన్నే పట్టుకోండి. గ్యాప్ మరీ తక్కువైతే వేడికి సాగి చివరలు ఒకదాన్నొకటి ఢీకొంటాయి, బోరు గీసుకుపోతుంది.

పార్టుల జాబితాలో పిస్టన్, రింగులు, పిన్నులు, మెయిన్, బిగ్ ఎండ్ బేరింగులు, త్రస్ట్ వాషర్లు, స్మాల్ ఎండ్ బుష్‌లు, ఫుల్ గ్యాస్కెట్ సెట్, ముందు వెనక ఆయిల్ సీళ్లు, వాల్వ్ గైడ్లు, సీళ్లు ఎలాగూ ఉంటాయి. కొటేషన్ తగ్గించడానికి జారవిడిచేవి వేరే ఉన్నాయి: ఆయిల్ పంపు, వాటర్ పంపు, థర్మోస్టాట్, ఇంజన్ మౌంటింగులు, క్లచ్ ప్లేటు, రిలీజ్ బేరింగు. గేరుబాక్సు ఎలాగూ దిగింది కదా, క్లచ్ ఇప్పుడు మార్చకపోతే ఆ లేబర్ మళ్లీ కట్టాలి. థర్మోస్టాట్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. "మన ఎండలకి అక్కర్లేదు" అని దాన్ని తీసి పారేసే అలవాటు ఇంకా పోలేదు. అది లేకపోతే ఇంజన్ పనిచేయాల్సిన వేడికి రావడానికి చాలాసేపు పడుతుంది, ఆలోగా డీజిల్ గోడల మీద ఆయిల్‌ని కడిగేస్తుంది, కొత్త బోరు త్వరగా అరుగుతుంది. బండి వేడెక్కుతుంటే తప్పు రేడియేటర్‌లోనో ఫ్యాన్ క్లచ్‌లోనో వెతకాలి.

హెడ్ గ్యాస్కెట్ మందం ఊహించి వేయకూడదు. బోరింగ్, ఫేసింగ్ అయ్యాక పిస్టన్ పైకొచ్చినప్పుడు బ్లాకు కంటే ఎంత ఎత్తుకి వస్తోందో డయల్ గేజితో కొలిచి, దానికి తగ్గ మందం తీసుకోవాలి. సన్నదైతే పిస్టన్ తగలొచ్చు, లావైతే పొద్దున స్టార్టింగ్ కష్టం. హెడ్ బోల్టులు మధ్య నుంచి బయటికి, మూడు నాలుగు విడతల్లో, టార్క్ రెంచితో బిగించాలి. చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

కోసిన ఒక్క మార్కులో సగం సమయానికి. లేత్ వరుసలో నంబరు వచ్చేసరికి వారం, సీజన్‌లో పన్నెండు రోజులు కూడా పడుతుంది. మిగతా సగం, ఎవరో ఒకరు పక్కన నిలబడకపోతే ఈ పని మంచిగా జరగదన్నందుకు.

ఎక్స్‌ఛేంజ్ ఇంజన్: ఐదుకి రెండున్నర

మీ పాత ఇంజన్ వాళ్లకిచ్చి, ముందే చేసిపెట్టిన ఇంజన్ తీసుకుని, రెండు రోజుల్లో రోడ్డెక్కొచ్చు. నూజివీడు చుట్టుపక్కల మామిడి కోతలు నడుస్తున్నప్పుడు బండి పదిరోజులు ఆగితే పోయేది చిన్న మొత్తం కాదు, కాబట్టి దీన్ని తీసిపారేయలేం. కానీ లోపల ఏముందో మీకు తెలియదు. అడగాల్సినవి అడగండి: బోరు ఏ సైజులో ఉంది, క్రాంకు ఏ సైజు, ఏ బ్రాండు పిస్టన్, కొలతల కాగితం ఉందా. ఆయిల్ ఛాంబర్ విప్పి ఒక్క బిగ్ ఎండ్ క్యాప్ తీసి చూపించమనండి. నిజంగా పని చేసిన చోట దీనికి అభ్యంతరం ఉండదు. క్రాంకు ఇప్పటికే 30 సైజుకి వెళ్లి ఉంటే మళ్లీ గ్రైండింగ్‌కి చోటు మిగలదు, రేటు ఆ మేరకి తగ్గించాలి. కొత్త రంగు దేనికీ రుజువు కాదు.

ఇంజన్ నంబరు మారుతుంది, అది కింద విడిగా చెప్పాను.

సెకండ్ హ్యాండ్ ఇంజన్: డీఐకి ఐదుకి రెండు, కామన్ రైల్‌కి ఐదుకి మూడు

ఢిల్లీ మాయాపురి నుంచో చెన్నై పుదుపేట నుంచో, లేదా దగ్గర్లోనే యాక్సిడెంట్ అయిన బండి నుంచో తీసిన ఇంజన్. డీఐకి దీన్ని ఎంచుకోవాల్సిన సందర్భం బ్లాకు పగిలినప్పుడో, రాడ్ బయటికొచ్చినప్పుడో మాత్రమే. అప్పుడు కూడా దీన్ని రన్నింగ్ ఇంజన్‌గా కాక బ్లాకుగా, క్రాంకుగా చూసి కొనండి. తెచ్చాక విప్పి కొలిచి బోర్ చేయించాల్సి వస్తుందన్న లెక్కతోనే బేరమాడండి.

చూడాల్సినవి: ఆయిల్ పోసే మూత లోపల పాలమీగడలా తెల్లటి జిడ్డు ఉంటే ఆయిల్‌లో నీళ్లు కలిశాయి. పుల్లీ బోల్టుకి స్పానర్ పెట్టి రెండు పూర్తి చుట్లు చేత్తో తిప్పండి. కంప్రెషన్ దగ్గర బరువు నాలుగుసార్లు సమానంగా తెలియాలి, మధ్యలో ఎక్కడా గీసినట్టు ఉండకూడదు. క్రాంకుని స్క్రూడ్రైవర్‌తో ముందుకీ వెనక్కీ తోస్తే టక్కుమని శబ్దం వచ్చేంత ఆట ఉంటే త్రస్ట్ వాషర్లు పోయాయి, ఒక్కోసారి అవి జారి బ్లాకునే తినేసి ఉంటాయి. అన్నిటికంటే ముందు ఇంజన్ నంబరు. నంబరు గీకేసి ఉన్నా, మళ్లీ పంచ్ చేసినట్టు అంకెలు వంకరగా ఉన్నా ఎంత చవగ్గా ఇచ్చినా అక్కణ్ణుంచి లేచి వచ్చేయండి. దొంగబండి ఇంజన్ అయితే కేసు మీ మెడకి చుట్టుకుంటుంది. ఏ బండిలోంచి తీశారో ఆ ఆర్‌సీ కాపీ, ఇంజన్ నంబరు రాసిన బిల్లు లేకుండా డబ్బు ఇవ్వొద్దు.

"స్టార్టింగ్ వారంటీ" అంటే ఇంజన్ స్టార్ట్ అవుతుందన్న మాట మాత్రమే. లోడుతో ఎన్ని కిలోమీటర్లకి బాధ్యత తీసుకుంటారో బిల్లు మీద రాయించుకోండి.

కామన్ రైల్ ఇంజన్ (కంప్యూటర్ అదుపులో ఒకే రైలు నుంచి అన్ని ఇంజెక్టర్లకీ డీజిల్ పంచే రకం) విషయంలో దీనికి ఎక్కువ మార్కులు ఎందుకంటే, అక్కడ ఇంజెక్టర్లు, హై ప్రెషర్ పంపు, రైలు, సెన్సర్లు కొత్తవి కొంటే ఆ ఖర్చే ఇంజన్ పని ఖర్చుని మించిపోవచ్చు. అన్నీ ఉన్న మంచి ఇంజన్ దొరికితే లెక్క కలుస్తుంది. అయితే అదే రకం, అదే బీఎస్ (పొగ ప్రమాణం) స్థాయి, అదే వైరింగ్ కప్లర్లు ఉండాలి. ఇంజెక్టర్ల మీద ఉండే కోడ్‌ని స్కానర్‌తో ఈసీయూలో (ఇంజన్ కంప్యూటర్‌లో) ఎక్కించాలి, లేకపోతే ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, పొగ పోదు. డీఐ బండిలో కామన్ రైల్ పెట్టడం, కామన్ రైల్ తీసి డీఐ పెట్టడం లాంటి సలహాలు వినకండి. రెండోది ఖర్చు తగ్గిస్తుందని చెబుతారు, ఫిట్‌నెస్ దగ్గర బండి ఆగిపోతుంది.

కంపెనీ నుంచి కొత్త ఇంజన్ అసెంబ్లీ దొరికితే నాణ్యతలో దానికి సాటి లేదు, కానీ పదేళ్లు దాటిన పికప్ విలువకి ఆ ధర సరిపోలదు.

ఇంజన్ మారితే కాగితాలు

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఇంజన్ మార్చిన 14 రోజుల్లోపు ఆర్‌టీఓకి తెలియజేసి ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. బ్లాకు మాత్రమే మార్చినా నంబరు మారుతుంది కాబట్టి ఇదే వర్తిస్తుంది. ఇంజన్ బిల్లు, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకెళ్లాలి. బండి మీద ఫైనాన్స్ ఉంటే వాళ్ల లిఖితపూర్వక అంగీకారం ముందే తీసుకోవాలి. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బండి చూసి నంబరు సరిపోల్చుకుంటారు. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా కొత్త నంబరు రాయించాలి. పాలసీలో ఒక నంబరు, బండి మీద ఇంకో నంబరు ఉంటే యాక్సిడెంట్ క్లెయిమ్ దగ్గర చిక్కు వస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన రవాణా బండికి ఏటా ఫిట్‌నెస్ చేయించాలి కాబట్టి ఇది దాచిపెట్టగలిగే విషయం కాదు. 15 ఏళ్లు దాటిన బండ్లకి ఫిట్‌నెస్ ఫీజు బాగా పెరిగింది, ఆ మొత్తాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి.

డబ్బు లెక్క

లెక్క కోసం ఇలా అనుకుందాం. ఇంజన్ బాగున్న స్థితిలో మీ బండికి 2,60,000 వస్తుంది, ఇంజన్ పోయిన స్థితిలో 1,40,000. తేడా 1,20,000. ఫుల్ ఇంజన్ పని, క్లచ్‌తో కలిపి 95,000 కొటేషన్. దానికి పది రోజుల ఆగుదల, రోజుకి మిగిలేది 1,200 అనుకుంటే మరో 12,000. మొత్తం 1,07,000. తేడా లోపలే ఉంది, చేయించుకోవచ్చు. ఎక్స్‌ఛేంజ్ 85,000, రెండు రోజుల ఆగుదలకి 2,400, కాగితాల ఖర్చు విడిగా. పైకి ఇది చవగ్గా కనిపిస్తుంది. కానీ ఏడాది తిరక్కుండా మళ్లీ దించాల్సి వస్తే మొదటిదే చవక. మీ ఊరి అంకెలు వేసుకుని ఇదే పద్ధతిలో చూసుకోండి. చేసిస్ తుప్పు పట్టి, ఫిట్‌నెస్ వచ్చే ఏడాది అనుమానమైతే ఏ ఇంజన్ పనీ చేయించకండి, ఉన్నది ఉన్నట్టు అమ్మేయండి.

ఎందుకు పోయిందో ముందు సరిచేయాలి

క్వారీలకి, ఇటుక బట్టీలకి తిరిగే బండ్లలో ఎక్కువగా దుమ్మే కారణం. ఫిల్టరు బాగానే ఉంటుంది, ఫిల్టరు తర్వాత టర్బోకి వెళ్లే రబ్బరు పైపులో చిన్న పగులు ఉంటుంది. ఆ పైపు లోపలి గోడని తెల్లగుడ్డతో తుడిచి చూడండి. మట్టి రంగు అంటిందంటే కొత్త బోరు కూడా అంతే వేగంగా పోతుంది. రెండో కారణం నీళ్లు. రేడియేటర్‌లో బోరుబావి నీళ్లు పోస్తూ పోతే సున్నం పేరుకుని వెనక సిలిండర్లకి నీరు సరిగ్గా అందదు. రాడింగ్ (రేడియేటర్ గొట్టాల్లో కడ్డీ పోనిచ్చి శుభ్రం చేయడం) చేయించి, బ్లాకు నీటి దారులు కడిగి, కూలెంటూ డిస్టిల్డ్ వాటరూ సగం సగం పోయండి.

మొదటి వెయ్యి కిలోమీటర్లు

కొత్త ఇంజన్‌ని నేరుగా స్టార్ట్ చేయకూడదు. డీజిల్ ఆపి, ఆయిల్ ప్రెషర్ గేజిలో ముల్లు లేచేదాకా సెల్ఫ్‌ని పది పది సెకన్ల చొప్పున ఆపి ఆపి కొట్టాలి. టర్బో పైపు విప్పి అందులోకి ఆయిల్ చేరిందని చూసుకోవాలి. స్టార్ట్ అయ్యాక గంటల తరబడి ఐడిలింగ్‌లో వదిలేయడం ఆటోనగర్‌లో ఇంకా నడుస్తోంది, అది తప్పు. లోడు లేకుండా రింగులు గోడకి కూర్చోవు, గోడ మెరుపెక్కి తర్వాత ఎంత నడిపినా ఆయిల్ తాగుతూనే ఉంటుంది. లీకులు చూసుకుని, సగం లోడుతో రోడ్డెక్కించి, వేగం మారుస్తూ నడపాలి. ఒకే గేరులో ఒకే స్పీడులో హైవే మీద లాగించకూడదు, టాప్ గేరులో ఇంజన్ గుంజుకునేలా కూడా నడపకూడదు.

500 కిలోమీటర్లకి ఆయిలూ ఫిల్టరూ మార్చండి. 1000కి ట్యాపెట్లు (వాల్వ్ సందు) సరిచూసి, మాన్యువల్ మళ్లీ బిగించమంటే హెడ్ బోల్టులు బిగించండి. మొదటి ఫిల్టరుని పారేయొద్దు. హాక్సా రంపం రజను లోపల పడేస్తుంది కాబట్టి రేకు కత్తెరతో కోసి, కాగితాన్ని పరిచి, అయస్కాంతం తిప్పి చూడండి. సన్నటి బూడిద రంగు పొడి కొంచెం ఉంటే సర్దుకుంటోంది. రాగి రంగు తునకలు మెరిశాయంటే బండిని అక్కడే ఆపి, ఆ కాగితాన్ని మడిచి లేత్ షాపుకి తీసుకెళ్లండి.